నిచ్చెన పైకి లాగిన రోజు

ఇండస్ట్రియల్ సేఫ్టీలో ఎం.ఇ. చదువుతున్నానని నళిని ఎప్పుడు చెప్పినా ఉద్దనపల్లిలో వినేవాళ్ళు ఒక క్షణం ఆగి, "అది ఏమి చదువమ్మా?" అని అడిగేవాళ్ళు. ఆమె నోరు తెరిచేలోపే తండ్రి వెంకటరామప్ప అందుకునేవాడు. టమాటా మండీలో అరిచి అరిచి గట్టిపడిన గొంతు ఆయనది.

"ఫ్యాక్టరీల్లో మనుషులకు దెబ్బ తగలకుండా చూసే చదువప్పా. డాక్టరు దెబ్బ తగిలినాక వస్తాడు. మా పాప ముందరే వస్తాది."

నళినికి సిగ్గేసేది. అయినా ఆ మాట ఆమెకు లోలోపల ఇష్టమే. కెమికల్ ఇంజనీరింగ్ అయ్యాక తోటివాళ్ళంతా బెంగళూరు బస్సెక్కి కంప్యూటర్ ఉద్యోగాలకు పోతే, ఆమె హోసూరు దగ్గర కాలేజీలో ఈ చదువులో చేరింది. చుట్టూ ఇన్ని ఫ్యాక్టరీలు ఉన్నాయి, ఇంటికి దగ్గర్లోనే ఉద్యోగం దొరుకుతుందని ఇంట్లోవాళ్ళ ధీమా. ఆమెకు మాత్రం చదువే నచ్చింది. ఒక షెడ్డులోకి అడుగుపెట్టగానే జారే నేల, మూత లేని బెల్టు, ఊడిపోయిన తీగ కళ్ళకు వాటంతటవే కనబడటం మొదలయ్యాక, తనకు కొత్తగా చూపు వచ్చినట్టే అనిపించింది.

ధనశేఖర్ సార్ అని ఒకాయన వాళ్ళకు రిస్క్ మేనేజ్‌మెంట్ చెప్పేవాడు. నెమ్మదస్తుడు. గొంతు పెంచడం ఎవరూ వినలేదు. గుంతలు, ట్యాంకులు, సంపులు లాంటి గాలాడని చోట్ల గురించి చెప్పిన రోజు మాత్రం బల్ల మీద చేత్తో కొట్టి చెప్పాడు.

"లోపల ఒకడు పడిపోయి ఉంటాడు. పైనున్నవాడు చూసి ఆగలేడు, దిగుతాడు. వాడూ పడతాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. మొదటివాణ్ణి మీరు కాపాడలేకపోవచ్చు. రెండోవాణ్ణి ఆపండి. ఎట్లయినా ఆపండి."

నళిని తల ఊపింది. అంత తేలికైన విషయాన్ని సార్ అంత గట్టిగా ఎందుకు చెబుతున్నాడో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు.

ఎండాకాలంలో ట్రైనింగు కోసం ఆమెను కృష్ణగిరి పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పంపారు. ఊళ్ళో పెద్దమ్మ ఆదిలక్ష్మమ్మ ఇంట్లో ఉండి రోజూ పోయి వచ్చేది. అది సీజను. గేటు ముందర నుంచి రోడ్డు మలుపు దాకా కాయల లారీలు నిలబడి ఉండేవి. ఫ్యాక్టరీ లోపల ముందువైపంతా పండిన మామిడి వాసన, కడుపు నింపేంత తీపిగా. వెనకవైపుకు పోతే అదే వాసన పులిసి, కుళ్ళి, ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. తొక్కలు, పీచు, కడిగిన నీళ్ళు అన్నీ కాలువల్లో పారి అక్కడున్న పెద్ద సంపులోకి చేరేవి. అక్కడినుంచి మోటారు వాటిని శుద్ధి చేసే తొట్లలోకి తోసేది. సంపు లోతుగా, పైన ఇరుకు మూతితో ఉండేది. ఫ్యాక్టరీలో ఎక్కడెక్కడ ఏ ప్రమాదం పొంచి ఉందో గుర్తించి, చిన్నవాటికి పసుపు, పెద్దవాటికి ఎరుపు వేసి ఒక పటం గీయడం నళిని పని. సంపుకు ఆమె మొదటి వారంలోనే ఎరుపు వేసింది.

అక్కడ పనిచేసే కాంట్రాక్టు మనుషుల్లో చెన్నరాయప్ప ఒకడు. అంచెట్టి దాటి కొండల్లో ఊరు. ఏడాదిలో ఎక్కువ కాలం ఆవులు, రాగిచేను. మామిడి సీజనులో తమ్ముడు మాదప్పను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి వచ్చేవాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే గదిలో వండుకుని తినేవాళ్ళు. నడివయసు మనిషి, నవ్వితే ముఖమంతా నవ్వే. కొత్తగా వచ్చిన చదువుకున్న పిల్లను మిగతావాళ్ళు మేడమ్ అంటుంటే ఆయనొక్కడే పాపా అని పిలిచేవాడు. ఆమెకు ఆ పిలుపే బాగుండేది. ఆమె ఆయన్ను అన్నా అనేది.

ఒకరోజు భోజనాలయ్యాక ఆమె అందర్నీ షెడ్డు నీడలో కూర్చోబెట్టి సంపు గురించి చెప్పింది. తెలుగులో చెప్పి, మళ్ళీ తమిళంలో చెప్పింది. లోపల విషపు గాలి పుడుతుందని, ఒక్కసారి పీల్చినా మనిషి కూలిపోవచ్చని.

"గాలి కండ్లకు కనపడదు గదా పాపా, దాన్ని చూసి ఎట్ల జాగ్రత్త పడేది?" అని చెన్నరాయప్ప అడిగాడు. నలుగురు నవ్వారు. ఆయన నవ్వలేదు. "మా కొండలో ఏనుగు గూడా కనపడదు. వాసన తగిలితే నిలబడిపోతాము. ఇది గూడా అదే మాదిరా?"

"వాసన వస్తాది అన్నా, కుళ్ళిన గుడ్డు మాదిరి. కానీ అది జాస్తి అయ్యేకొద్దీ మన ముక్కు పనిచేయదు. వాసన పోయింది, ఇంక భయం లేదు అనుకుంటాము. అప్పుడే చంపేది అది."

చెన్నరాయప్ప సంపు ఉన్న వైపు చూశాడు. "అట్లయితే అది నిండా చెడ్డదమ్మా" అన్నాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "విన్నావా రా?" అన్నాడు.

గాలిని కొలిచే మీటరు, మనిషిని తాడుతో పైకి లాగే మూడుకాళ్ళ స్టాండు, నడుముకు కట్టుకునే బెల్టు తెప్పించమని ఆమె మేనేజరును అడిగింది. ఆయన చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. "సీజను అయిపోనీ మేడమ్, అన్నీ తెప్పిస్తాము" అన్నాడు. రెండోసారి అడిగినప్పుడూ అదే మాట. వర్క్‌షాపులో గాలిని లోపలికి తోసే పాత బ్లోయరు ఒకటి ఉంటే దాన్ని బాగుచేయించి సంపు దగ్గర పెట్టించాడు. నాకు చెప్పకుండా ఎవరూ దిగకూడదని నళిని సూపర్‌వైజరుకు చెప్పింది. ఆయన సరేనన్నాడు.

ఒకరోజు, ముందు రాత్రి కురిసిన వానకు కాయలన్నీ తడిసి వచ్చాయి. ఆలస్యమైతే చెడిపోతాయని లారీవాళ్ళు గేటు దగ్గర గొడవ పడుతున్నారు. పీచు అడ్డుపడి సంపు మోటారు నిలిచిపోయింది. మురుగు వెనక్కి తన్ని తొక్కదీసే షెడ్డులోకి పారింది. ఆడవాళ్ళు చీరలు ఎగగట్టుకుని ఆ నీళ్ళలోనే నిలబడి పనిచేస్తున్నారు. లైను ఆపాల్సి వస్తుందని సూపర్‌వైజరు అటూ ఇటూ పరిగెడుతూ అందరిమీదా అరుస్తున్నాడు. నళిని అప్పుడు రెండో కొసన, బాయిలరు పక్కన మంటలార్పే సిలిండర్లను చూస్తోంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కేక వినబడగానే అది దేని కేకో ఆమెకు తెలిసిపోయింది. పరిగెత్తింది. సంపు మూత పక్కకు తీసి ఉంది. నిచ్చెన లోపలికి దించి ఉంది. మాదప్ప ఒక కాలు నిచ్చెన మెట్టు మీద పెట్టి, "అన్నా! అన్నా!" అని అరుస్తూ రెండో కాలు పెట్టబోతున్నాడు.

ఆమె వెనకనుంచి అతని నడుము చుట్టూ రెండు చేతులూ వేసి వెనక్కి పడింది. ఇద్దరూ బురదలో పడ్డారు. అతను తన్నుకుని లేవబోతే ఆమె వదలలేదు. ఫోర్క్‌లిఫ్టు నడిపే మునెప్ప బండి దిగి వస్తున్నాడు.

"మునెప్పన్నా, నిచ్చెన లాగు! పైకి లాగు!"

"లోపల మనిషి ఉండాడు మేడమ్..."

"లాగన్నా! ఈయన గూడా పోతాడు, లాగు!"

మునెప్ప నిచ్చెన పైకి లాగి దూరంగా పారేశాడు. వచ్చి మాదప్ప భుజాలు అదిమి పట్టుకున్నాడు. మాదప్ప ఆమె ముంజేయి కొరికాడు. అతని పళ్ళు లోపలికి దిగడం ఆమెకు తెలిసింది గానీ నొప్పి తెలియలేదు. మునెప్ప పట్టు గట్టిగా చిక్కాక ఆమె లేచి బ్లోయరు వేసింది, దాని గొట్టం సంపులోకి జారవిడిచింది, ఫైర్ సర్వీసుకు ఫోను చేసింది. చెప్పాల్సినవన్నీ వరసగా చెప్పింది. ఎక్కడ, ఏమి గాలి, లోపల ఎందరు, మాస్కులు తీసుకురావాలి. తన గొంతు అంత స్థిమితంగా ఎట్లా వచ్చిందో ఆ తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా ఆమెకు అంతుబట్టలేదు.

ఇంకెవరూ దగ్గరికి రాకుండా ఆమె సంపు ముందర చేతులు బారచాపి నిలబడింది. జనం చుట్టూ చేరారు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. తాడుకు కొక్కెం కట్టి పైనుంచే ఆయన చొక్కాకు తగిలించాలని ఇద్దరు చూశారు. అందలేదు.

"కదిలినాడు!" అని మాదప్ప కింద పడి ఉండే అరిచాడు. అతని తల సంపు అంచు దగ్గరే ఉంది, మునెప్ప కాళ్ళ సందులోంచి లోపలి నీళ్ళు కనిపిస్తున్నాయి. "అన్న చెయ్యి కదిలించినాడు, చూడు! వదులు, నీ కాళ్ళు పట్టుకుంటాను, వదులు తల్లీ!"

ఆమె తిరిగి చూసింది. గోధుమరంగు నీళ్ళ మీద చెన్నరాయప్ప వీపు, ఒక పక్కకు చాచిన చెయ్యి. ఆ చెయ్యి కదిలింది. బ్లోయరు గాలికి నీళ్ళు కదిలి చెయ్యి కదిలిందో, చెయ్యి కదిలి నీళ్ళు కదిలాయో ఆమెకు తెలియలేదు.

"ఒక్కణ్ణన్నా దిగనీయమ్మా, నీకు పుణ్యం ఉంటాది" అని ఒక ముసలామె చేతులు జోడించింది. నళిని తల అడ్డంగా ఊపింది.

ఫైర్ సర్వీసువాళ్ళు మాస్కులు తగిలించుకుని దిగి ఆయన్ను పైకి తెచ్చారు. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదని చెప్పారు. పడిన వెంటనే పోయి ఉంటాడని, ఎవరు దిగినా చేయగలిగింది ఏమీ లేదని డాక్టరు నళినితో అన్నాడు.

"తప్పకుండా అంతేనా డాక్టర్?" అని అడిగింది.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చాలావరకు అంతేనమ్మా" అన్నాడు.

చాలావరకు అన్న ఆ మాట ఆమెకు ముల్లులా దిగబడిపోయింది.

పెద్దమ్మ ఆదిలక్ష్మమ్మ ఆమె చేతికి కట్టు మార్చుతూ రోజూ అదే మాట అనేది. "నువ్వు ఒక ప్రాణం నిలబెట్టినావమ్మా." ఉద్దనపల్లి నుంచి తండ్రి వచ్చాడు. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే మనిషి, ఆమె పక్కన మంచం మీద కూర్చుని ఆమె చేతి కట్టునే చూస్తూ ఉండిపోయాడు. చివరకు "ఇంటికి పోదాం రా" అన్నాడు. విచారణ అయ్యేదాకా ఉండాలని ఆమె చెప్పింది.

విచారణకు వచ్చిన అధికారి ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. గోడవారగా బెంచీ మీద మాదప్ప, చెన్నరాయప్ప భార్య వరమ్మ కూర్చున్నారు. వరమ్మను నళిని చూడటం అదే మొదలు. సన్నటి మనిషి. ఎవరు మాట్లాడితే వాళ్ళ నోటి వైపే చూస్తోంది. గదిలోకి పోయేముందు మేనేజరు నళినిని వరండాలో ఆపాడు.

"మీరు ట్రైనింగ్ ఇచ్చినారు గదా మేడమ్, జరిగిన మాటే గదా. అది ఒకటి చెప్పండి, చాలు."

జరిగిన మాటే. అధికారి కూడా మొదట అదే అడిగాడు. సంపు గురించి పనివాళ్ళకు చెప్పారా?

"చెప్పినాను సార్."

"చనిపోయినాయనకు అర్థమైందా?"

"నిండా బాగా అర్థమైంది సార్. అందరికన్నా ఆయనకే అర్థమైంది."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. మాదప్ప తలెత్తాడు. నళిని బల్ల అంచు పట్టుకుంది.

"అర్థమయ్యే దిగినాడు సార్. షెడ్డులోకి మురుగు వస్తా ఉండాది. గేటు కాడ లారీలోళ్ళు గొడవ చేస్తా ఉండారు. సూపర్‌వైజరు మీదికి వచ్చి అరుస్తా ఉండాడు. దిగను అనిన మనిషికి మర్నాడు పని ఉండదని ఆయనకు తెలుసు. నేను మీటరు అడిగినాను, బెల్టు అడిగినాను, స్టాండు అడిగినాను. సీజను అయినాక అన్నారు. ఆయనకు ఉండింది నేను చెప్పిన మాట ఒక్కటే సార్. మాటను పట్టుకొని గుంతలోనుంచి ఎవరన్నా పైకి వస్తారా?"

అధికారి అన్నీ రాయించుకున్నాడు. యాజమాన్యం మీద కేసు పెట్టారు, సూపర్‌వైజరును తీసేశారు, నళిని ట్రైనింగు ఆ రోజుతో ఆగిపోయింది. కానీ ఆమె గదిలోంచి బయటికి వస్తుంటే మాదప్ప ఎదురొచ్చి నిలబడ్డాడు. అతను విన్నది మొదటి మాట ఒక్కటే.

"అర్థమయ్యే దిగినాడంటివి. మా అన్నదే తప్పంటివి. ఆ రోజు నన్ను పట్టుకొని ఆపితివి, ఈ రోజు మా అన్నను తోసితివి."

"అది కాదన్నా, నేను చెప్పింది..."

"చెప్పినావులే. నువ్వు చెప్పేదానివి. మేము సచ్చేవాళ్ళము."

వరమ్మ అతని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

కాలేజీలో ఆమె పేరు అందరికీ తెలిసింది. జూనియర్లు వచ్చి పలకరించేవాళ్ళు. చదువు చివర్లో ప్రాజెక్టు పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఒకాయన వచ్చాడు. ఆమె తెరమీద ఒక్కో చిత్రం చూపిస్తూ, ఎరుపు గడిలో ఉన్న సంపు గురించి, ఆ రోజు తను చేసినవాటి గురించి చెప్పింది. చెన్నరాయప్ప అనకుండా 'ఒక కార్మికుడు' అని చెప్పింది. చదువులో అట్లాగే చెప్పాలి. ఆయన సంతోషంగా తల ఊపి, "పాఠంలో ఉన్నది ఉన్నట్టు చేశావమ్మా. ఎక్కడా ఒక్క తప్పు లేదు" అని, వెనక కూర్చున్న విద్యార్థుల వైపు తిరిగి చప్పట్లు కొట్టమన్నాడు. వాళ్ళు కొట్టారు.

నళిని థాంక్స్ చెప్పి బయటికి వచ్చి, నడవా చివర కిటికీ దగ్గర నిలబడింది. కాసేపటికి ధనశేఖర్ సార్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సార్, మీరు ఎప్పుడైనా ఎవరినైనా ఆపినారా? నిజంగా, చేతులతో పట్టుకొని?"

"లేదమ్మా. నేను పనిచేసిన చోట అట్లాంటి రోజు రాలేదు. చదివింది చెప్పినాను."

"ఆపినాక ఏమి చేయాలో చెప్పలేదు సార్ మీరు."

"నాకు తెలీదు నళినీ" అన్నాడు ఆయన. "తెలిసుంటే చెప్పేవాణ్ణి."

ఆ మాటకు ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. అన్ని నెలల్లో ఎవరూ తనతో ఇంత నిజంగా మాట్లాడలేదనిపించింది. అక్కడే నిలబడి, చుట్టూ పిల్లలు పోతూ వస్తూ ఉండగా, మొదటిసారి ఏడ్చింది. సార్ కదలకుండా పక్కనే ఉన్నాడు.

రాగికోతలు అయ్యాక ఒక ఉదయం ఆమె అంచెట్టి బస్సెక్కింది. ఎందుకు పోతున్నావని తల్లి అడిగితే చెప్పలేకపోయింది. క్షమించమని అడగడానికి కాదు. తను తప్పు చేయలేదని చెప్పడానికీ కాదు. వాళ్ళను చూడకుండా ఉద్యోగంలో చేరలేనని మాత్రం ఆమెకు తెలుసు. అంచెట్టిలో దిగి, ఇంకో చిన్న బస్సులో కొండదారిన పోయి, అడిగి అడిగి ఇల్లు చేరింది.

చెన్నరాయప్ప తల్లి అంజనమ్మ వాకిట్లో చేటతో రాగులు చెరుగుతోంది. మాదప్ప కొట్టం దగ్గర దూడను కడుతున్నాడు. నళినిని చూడగానే తాడు అక్కడే వదిలి కొట్టం వెనక్కి పోయాడు. మళ్ళీ ఆమె ఉన్నంతసేపూ ఇవతలికి రాలేదు. వరమ్మ లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"ఎవరమ్మా ఈ పాప?" అని అంజనమ్మ అడిగింది.

వరమ్మ చెప్పలేదు. నళినే చెప్పింది. "నేను నళిని అవ్వా. ఫ్యాక్టరీలో ఉండినాను. ఆ రోజు..."

అంజనమ్మ చేట కింద పెట్టింది. "చిన్నోణ్ణి పట్టుకునింది నువ్వేనా?"

"నేనే అవ్వా."

"నిన్ను కొరికినాడంట గదా. యాడ, చూపించు."

నళిని ముంజేయి చాపింది. ముసలామె ఆ చేతిని తన ఒళ్ళోకి లాక్కుని, తెల్లబడిన మచ్చ మీద బొటనవేలితో నిమిరింది. రాగుల దుమ్ము అంటిన వేలు గరుకుగా ఉంది.

"గట్టిగా దిగినాయే పండ్లు. అయినా వదల్లేదా?"

"వదల్లేదవ్వా."

అంజనమ్మ చాలాసేపు ఆ చేతినే చూసింది. కొట్టం వెనక దూడ అరుస్తోంది.

"నువ్వు వదిలుంటే నాకు ఈ పొద్దు ఇద్దరూ లేరు. డాక్టరు చెప్పినాడు, మునెప్ప అని ఒకాయప్ప వచ్చి ఆయనా చెప్పినాడు. నాకు అర్థం కాక కాదు తల్లీ. కానీ నిన్ను చూస్తే నా పెద్దోడు గుంతలో ఉండేది కనపడతాది. నువ్వు పైన నిలబడుకొని ఉండేది కనపడతాది. దానికి నేనేమి చేసేది?" ఆమె నళిని చేతిని మెల్లగా తీసి నళిని ఒళ్ళోనే పెట్టింది. "సంగటి తిని పో. ఇంక ఎప్పుడూ రావద్దు. తప్పుగా అనుకోవద్దమ్మా."

నళిని సంగటి తింది. ముద్ద మిగల్చకుండా తింది. అంజనమ్మ మళ్ళీ చేట అందుకుంది.

పైచేలల్లో ఏనుగులు తిరుగుతున్నాయని, ఒక్కదాన్నే పంపలేమని వరమ్మ బస్సు నిలిచే చోటిదాకా తోడు వచ్చింది. పొద్దు ఇంకా ఉంది. రాళ్ళ దారిలో ఇద్దరూ కొంతదూరం నడిచారు.

"కంపెనీవాళ్ళు నన్ను పనికి రమ్మన్నారు" అంది వరమ్మ ఉన్నట్టుండి. "తొక్కదీసే షెడ్డులో, వచ్చే సీజనుకు. పోదునా, వద్దా? నువ్వు ఆ చదువే గదా చదివింది. చెప్పు."

నళిని కాళ్ళు ఆగిపోయాయి. ఇన్నాళ్ళుగా ఎన్నో ప్రశ్నలు ఊహించుకుంది గానీ ఇది ఊహించలేదు.

"మీకు పోవాలని ఉండాదా వదినా?"

"ఉండేదేమి? పిల్లోళ్ళు ఇస్కూలుకు పోతా ఉండారు. ఏనుగులు తిని తొక్కి పోయినాక మిగిలిన రాగులు ఎన్నాళ్ళకు వస్తాయి? మాదప్ప ఇంక ఆ పక్కకు పోనంటాడు. పోతే నేనే పోవల్ల."

నళిని తనకు తెలిసినదంతా గుర్తు తెచ్చుకుని, ఒక్కొక్క మాటా తూచి చెప్పింది.

"షెడ్డు లోపల ఉన్నంతవరకు అంత భయం లేదు వదినా. నేల జారతాది, చెప్పులు గట్టివి అడిగి తీసుకోండి. వెనక పక్కకు మాత్రం పోవద్దు. సూపర్‌వైజరు చెప్పినా, మేనేజరు చెప్పినా పోవద్దు. ఇప్పుడు మీటరు, స్టాండు తెచ్చి పెట్టినారని మునెప్పన్న చెప్పినాడు. అయినా పోవద్దు. ఆడినుంచి ఎవరో పడినారని కేక వినపడితే పరిగెత్తొద్దు. నిలబడి అరవండి, మనుషుల్ని పిలవండి. అంతే."

"పడింది మనవాళ్ళయితే?"

"అయినా అంతే వదినా."

వరమ్మ కొంగు భుజం చుట్టూ తిప్పుకుని నడిచింది. మలుపు దగ్గర బస్సు దుమ్ము కనబడుతోంది.

"ఆయన నెలకొకసారి ఇంటికి వచ్చినప్పుడు నీ మాట చెప్పినాడు. ఒక పాప వచ్చింది, చెప్తే మనసులో నాటుకునేట్ల చెప్తాది అని. నువ్వు చెప్పేది నిజమే ఉంటాది. కానీ అది నాతో అయ్యేది కాదు పాపా. ఆ పొద్దు నేను ఆడ ఉండుంటే, నువ్వు పట్టుకున్నా, పదిమంది పట్టుకున్నా, నేను నిలబడేదాన్ని కాదు."

నళిని ఆమె చెయ్యి పట్టుకుంది. వరమ్మ పట్టుకోనిచ్చింది. బస్సు వచ్చి ఆగింది, కండక్టరు తొందర పెట్టాడు. నళిని ఎక్కి కిటికీ పక్కన కూర్చునేసరికి వరమ్మ అప్పటికే వెనక్కి తిరిగి, ఆవులు ఇల్లు చేరే వేళయిందని వడివడిగా కొండదారి ఎక్కిపోతోంది.

హోసూరులో ఇనుము పోతపోసే ఒక ఫ్యాక్టరీలో నళినికి సేఫ్టీ ఆఫీసరు ఉద్యోగం వచ్చింది. గాలి మీటరు, స్టాండు, బెల్టులు వచ్చాకే చేరతానని చెప్పింది. ఆ మాట విని పిలిచినవాళ్ళు కొంచెం ఆశ్చర్యపోయారు గానీ తెప్పించారు. ఆమె పని నెమ్మదిగా, గట్టిగా చేసుకుపోతుందని అక్కడ పేరు. ఇంట్లో వెంకటరామప్ప మాత్రం ఇప్పుడు ఎవరైనా అడిగితే మునుపటిలా గొంతెత్తి చెప్పడు. ఫ్యాక్టరీలో ఉద్యోగమప్పా అని ఊరుకుంటాడు.

మామిడి సీజను మళ్ళీ మొదలయ్యాక ఒకరోజు మునెప్ప ఫోను చేశాడు. వరమ్మ పనిలో చేరిందని చెప్పాడు. అందరితో బాగానే ఉంటుందట, కత్తి చురుగ్గా ఆడుతుందట.

"మధ్యాహ్నం అన్నానికి ఆడోళ్ళంతా గుంపుగా కూర్చుంటారు గదా పాపా, ఆయమ్మ మటుకు వెనక సంపు ఉండే పక్కకు వీపు పెట్టి కూర్చుంటాది. ఎవరు పిలిచినా ఆ పక్కకు తిరగదు."

నళిని సరే అన్నా అంది. ఫోను పెట్టేశాక, తన బల్ల మీద ఉన్న అన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.